పుస్తెల పక్కన తాళంచెవి

కోటేశ్వరికి మొగుడి మంచితనమంటే భయం. అంకమ్మరావు గొడ్ల చావిట్లో నిలబడి అరిస్తే నాలుగిళ్ళ అవతలికి వినిపించేది. ఆ అరుపులకి ఆవిడ ఏనాడూ జడవలేదు, పైగా అంతకు అంతా అప్పజెప్పేది. అతను మెత్తగా మాట్లాడితే మాత్రం చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది. ఎందుకో ఊళ్ళో ఎవరికీ తెలియదు. కన్నకూతురు శ్రీదివ్యకీ తెలియదు.

సరిగ్గా షష్టిపూర్తి దగ్గర పడేసరికి ఆ మనిషి మంచివాడైపోయాడు.

"పందిళ్ళూ మైకులూ ఏం వద్దమ్మా," అంది శ్రీదివ్య గుంటూరు నుంచి ఫోన్లో. "మనింట్లోనే, మనవాళ్ళతోనే. పొద్దున హోమం, నువ్వూ నాన్నా పీటల మీద కూర్చుంటారు, నాన్న నీకు మళ్ళీ పుస్తె కడతాడు, అందరం కలిసి భోంచేస్తాం. అంతే."

"ఇప్పుడెందుకులేవే. మిరపకి బొబ్బరొచ్చి ఆకులన్నీ ముడుచుకుపోతుంటే..."

"మన చేను ఎప్పుడు బాగుంది గనక?"

నాన్ననడుగుతానని కోటేశ్వరి ఫోను పెట్టేసింది.

ఆ రోజు అన్నంలోకి గోంగూర పచ్చడి వేసింది. అంకమ్మరావు రెండు ముద్దలు తిని, "పచ్చడి బ్రహ్మాండంగా ఉందే," అన్నాడు. "పిల్ల చెప్పినట్టే చేద్దాం. మీ అన్నయ్యని రమ్మను. వినుకొండ వెళ్ళి మా సుబ్బరావమ్మక్కని నేనే తీసుకొస్తా. అందర్నీ ఒక్కసారి చూసుకోవాలనుంది."

కోటేశ్వరి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

ఎనిమిదేళ్ళ కిందట, పత్తిని పురుగు తినేసిన ఏడాది, అతను ఇలాగే పచ్చడి మెచ్చుకున్నాడు. అడక్కుండానే మల్లెపూలు తెచ్చాడు. చాలా రోజులైంది, మీ అన్నయ్యని చూసిరా అని తనే సంచీ మోసుకొచ్చి బస్సెక్కించాడు. ఊరు దాటాక ఆవిడకి ఎందుకో గుబులు పుట్టింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కసారైనా సంచీ పట్టుకోని మనిషి ఇవాళెందుకు పట్టుకున్నాడు? దిగి, పొలాలకడ్డం పడి పరుగెత్తుకొచ్చింది. చావిట్లో అతను పడి ఉన్నాడు, పక్కన పురుగుమందు డబ్బా ఉంది. స్నేహితుడు ఇమాం హుస్సేన్ ట్రాక్టరు మీద ఆస్పత్రికి చేర్చబట్టి బతికాడు.

ఊరికి మాత్రం గాలికెదురు మందు కొడితే ఎక్కిందని చెప్పారు. ఏటా ఎవరో ఒకరికి అలా మందెక్కి పడిపోవడం మామూలే కనుక అందరూ నమ్మారు. అప్పుడు హాస్టల్లో ఉన్న శ్రీదివ్యా నమ్మింది. విషయమంతా తెలిసింది ఆలుమగలిద్దరికీ, ఇమాం హుస్సేన్‌కీ. ఆ ముగ్గురూ మళ్ళీ ఆ మాటే ఎత్తలేదు.

ఆస్పత్రి నుంచి రాగానే కోటేశ్వరి చావిట్లో రేకుపెట్టె పెట్టించి, మందు డబ్బాలన్నీ అందులో వేసి తాళం బిగించింది. తాళంచెవిని పిన్నీసుతో తన పుస్తెలతాడుకే తగిలించుకుంది. ఇదేం ముచ్చటే అని ఆడవాళ్ళు వేళాకోళం చేస్తే, చంటిపిల్లలు వచ్చిపోయే ఇల్లంది. మందు కొట్టే రోజు అంకమ్మరావు గుమ్మంలో నిలబడి దగ్గేవాడు. ఆవిడ లేచెళ్ళి, కావలసినంత తీసిచ్చి, మళ్ళీ తాళం వేసేది. ఎనిమిదేళ్ళుగా ఇదే తంతు. ఇద్దరి మధ్యా మాటుండేది కాదు.

ఇప్పుడు ఆవిడ అతన్ని కళ్ళల్లో వత్తులేసుకుని కనిపెట్టసాగింది. అన్నట్టుగానే వినుకొండ వెళ్ళి, మొహం మొహం చూసుకోని అక్కతో రాజీపడి వచ్చాడు. పక్క చేను జక్రయ్యతో ఏళ్ళ తరబడి నడిచిన గట్టు తగాదా, "పోనీలేరా" అని వదిలేశాడు. గట్టు కోసం గొడ్డలి పట్టిన మనిషి పోనీలే అంటే ఏ పెళ్ళానికి నిద్ర పడుతుంది?

ఉండబట్టలేక ఇమాం హుస్సేన్ షెడ్డుకి వెళ్ళింది. అతను ట్రాక్టరు కింద నుంచి లేచి చేతులు తుడుచుకున్నాడు.

"అన్నయ్యా, ఆయన వాలకం నాకేం బాగాలేదు. అందర్నీ ఒకసారి చూసుకోవాలంటున్నాడు."

ఇమాం హుస్సేన్ మొహంలో నవ్వు పోయింది. "రేపు ట్రాలీ తీసుకురమ్మన్నాడు చెల్లెమ్మా. ఎందుకురా అంటే చెప్పడం లేదు. నువ్వే అడగరాదూ?"

"ఏమని అడగను? అడిగితే నేనే గుర్తుచేసినట్టవుతుందేమో."

అతను పాతగుడ్డతో మళ్ళీ చేతులు తుడుచుకున్నాడు.

షష్టిపూర్తికి ముందురోజు మధ్యాహ్నం వంటింట్లో శ్రీదివ్య పూర్ణాలకి శనగపప్పు ఉడికిస్తోంది. కోటేశ్వరి బెల్లం కొడుతోంది. అంకమ్మరావు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. దగ్గలేదు.

"కోటేశ్వరీ, ఆ తాళంచెవి ఇలా ఇయ్యవే," అన్నాడు ఎంతో మెత్తగా.

ఆవిడకి మరుక్షణం ఒళ్ళు మండింది.

"ఇవ్వను! నా గొంతులో ప్రాణం ఉండగా ఇవ్వను. అక్కతో రాజీపడ్డావు, జక్రయ్యకి గట్టొదిలావు, అందర్నీ చూసుకున్నావు. ఆ రోజు కూడా పచ్చడి బాగుందన్నావు, పూలు తెచ్చావు, నవ్వుతూ బస్సెక్కించావు. మళ్ళీ మోసపోవడానికి నేనేమన్నా వెర్రిదాన్నా?"

శ్రీదివ్య పొయ్యి దగ్గర నుంచి తిరిగింది. "ఏ రోజమ్మా?"

తల్లి పుస్తెలతాడునీ తాళంచెవినీ కలిపి గుప్పిట్లో పట్టుకుని ఉంది. తండ్రి తల వాల్చేశాడు. ఆ పిల్లకి అప్పటికప్పుడే అంతా అర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గోడకి చేరబడింది.

అంకమ్మరావు గుమ్మంలోనే కూలబడ్డాడు. "అందుక్కాదే. రేపు నీ మెళ్ళో పుస్తె కట్టేటప్పుడు ఆ తాళంచెవి నా చేతికి తగుల్తుంది. ఏ మొహం పెట్టుకుని కట్టేది? ఆ డబ్బాలన్నీ హుస్సేన్ ట్రాలీలో వేసి కొట్టుకి తిప్పి పంపేద్దామనుకున్నా. మిరప దున్నేసి మందక్కర్లేని జొన్న చల్లుతా."

"పెట్టె ఖాళీ చేస్తే రేపు కొట్లో దొరకదా?"

అతను కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"నాకు ఈ తాళంచెవి బరువు కాదయ్యా," అంది కోటేశ్వరి. "ఎనిమిదేళ్ళు దగ్గావు. ఒక్కనాడు నోరు తెరిచి ఎందుకిలా చేశానో చెప్పావా? నువ్వు నవ్వితే చస్తున్నాను నేను."

అతను గోటితో గడప గీరాడు. "సిగ్గేసింది," అన్నాడు చివరికి. "అబద్ధమెందుకు చెప్పాలి, ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది. మొన్న బొబ్బర చూసినప్పుడూ అనిపించింది. నలుగురూ కళ్ళ ముందుంటే అనిపించదు. అందుకే అందర్నీ రమ్మన్నా."

కోటేశ్వరి ఏడ్చింది. ఇన్నేళ్ళూ ఊహించుకుని భయపడిన మాట అతని నోట్లోంచే వచ్చింది. భయం పెరిగిందో తగ్గిందో ఆవిడకే తెలియలేదు. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, మాడువాసన వస్తోందని కూతుర్ని కసిరింది.

ఆ సాయంత్రం ఇమాం హుస్సేన్ వచ్చాడు. మగవాళ్ళిద్దరూ చావిడి దగ్గర నిలబడితే కోటేశ్వరే పెట్టె తెరిచింది. డబ్బాలన్నీ ట్రాలీ ఎక్కాక ఖాళీ పెట్టెకి మళ్ళీ తాళం వేసి, తాళంచెవి యథాప్రకారం పిన్నీసుకి తగిలించుకుంది.

మర్నాడు హోమం పొగలో పీటల మీద కూర్చున్నాక, పురోహితుడు జానకిరామయ్యగారు ఆవిడ మెడకేసి చూసి, "అమ్మా, ఆ తాళంచెవి తీసి పక్కన పెట్టండి," అన్నారు. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. శ్రీదివ్య నవ్వలేదు.

"ఉండనీండి పంతులుగారూ," అన్నాడు అంకమ్మరావు.

మొదటి ముడి వేశాడు. రెండోది వేస్తుంటే తాళంచెవి మణికట్టుకి తగిలింది, చెయ్యి ఆగింది. మళ్ళీ వేశాడు. మూడో ముడి బిగిస్తూ ఆవిడ చెవి దగ్గరికి వంగాడు.

"ఈసారి అనిపిస్తే నీకే చెప్తా," అన్నాడు.

"అరిచి చెప్పు," అంది కోటేశ్వరి. "మెత్తగా చెప్తే నాకు భయం."