కలిపాక వినకూడదు

ఉదయం తొమ్మిదయ్యేసరికి ఆపరేటరమ్మ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. అది మూతపడిన రోజున తక్కినవాళ్ళంతా ఫ్యాన్లూ గోడగడియారాలూ పంచుకుంటుంటే, ఈవిడ మాత్రం తన హెడ్‌సెట్‌ని చేతిసంచీలో వేసుకుని ఇంటికొచ్చేసింది. దాని వైరు చివర ఒక ఇత్తడి పిన్ను ఉంటుంది. ఆ పిన్నుని ఎవరి సెల్‌ఫోన్ వీపుకైనా ఆనిస్తే చాలు, ఆ ఫోన్‌కి మెసేజి పంపినవాడు కూర్చున్న గది మొత్తం ఆవిడ ఎడమ చెవిలో వినిపిస్తుంది. వాడు నోరు విప్పక్కర్లేదు, ఉత్త అక్షరాలు పంపినా సరే. వీధిలోవాళ్ళకి ఇదేమంత విశేషం కాదు. ఒకరికి కీళ్ళవైద్యం వస్తుంది, ఒకరికి చెవి పోయిన తాళాలు తియ్యడం వస్తుంది, ఈవిడకి ఇది వస్తుంది.

"అమ్మా, కరెంటాఫీసు నుంచట. సాయంత్రానికి మీటరు పీకేస్తారట," అంటూ ఎదురింటి టైలరు ఫోన్ చాచేవాడు.

ఆవిడ పిన్ను ఆనించి కళ్ళు మూసుకునేది. "కరెంటాఫీసా నా మొహమా. పక్కన ఎవడో పల్లీలు ఒలుచుకు తింటున్నాడు. ఇంకో ఇరవైమంది ఇదే పాట పాడుతున్నారు. పోయి నీ గుండీలు నువ్వు కుట్టుకో."

ఆవిడకి రెండు నియమాలుండేవి. ఫోన్ ఎవరిదో వాళ్ళే చేతికివ్వాలి. పెళ్ళాం ఫోన్ మొగుడు తెచ్చినా, కూతురి ఫోన్ తల్లి తెచ్చినా ముట్టుకునేది కాదు. రెండోది ఎక్స్ఛేంజిలో చేరిన రోజునే నేర్పిన నియమం: కలిపాక వినకూడదు. అవతల 'హలో' అనగానే చెవి తీసెయ్యాలి. అన్నేళ్ళ ఉద్యోగంలో ఈ రెండోదాన్ని ఆవిడ ఒక్కసారే తప్పింది.

అప్పుడు ఆవిడకి ఇరవై ఆరేళ్ళు. రోజూ మధ్యాహ్నం మూడింటికి ఒక మగగొంతు రెండువందల పదిహేడు నంబరు కలపమనేది. ఒకరోజు పిన్ను తియ్యడం ఆలస్యమైంది. "ఇంక వద్దు అంకుల్, అమ్మకి చెప్పకండి" అంటోంది అవతల ఒక పసిగొంతు. ఆ మగగొంతు నవ్వింది. వెళ్ళి సూపర్‌వైజరుకి చెబితే, "వినకూడనిది విన్నావు, ఆ సంగతి బయట అన్నావంటే ఉద్యోగం పోతుంది," అన్నాడాయన. ఆవిడ నోరు మూసుకుంది. రెండు నెలలు ఆ కాల్ తన చేత్తోనే కలిపింది. ఆ తర్వాత రెండువందల పదిహేడు ఎంత మోగినా ఎవరూ ఎత్తలేదు. ఆ ఇంటికి తాళం పడిందన్నారు. ఆ పిల్ల ఏమైందో చెప్పినవాళ్ళు లేరు.

ఆనాటినుంచీ హెడ్‌సెట్ ఎక్కడ తగిలించి ఉన్నా, మధ్యాహ్నం మూడింటికి అందులో ఒక ఊపిరి మొదలవుతుంది. పావుగంట ఉండి పోతుంది. ఇంట్లోవాళ్ళు అలవాటుపడిపోయారు. గడియారం చూడకుండా దాన్నిబట్టే టీ పెట్టుకునేవాళ్ళు.

ఇంట్లోవాళ్ళంటే చెల్లెలు, చెల్లెలి భర్త, వాళ్ళ పదమూడేళ్ళ కూతురు. చెల్లెలు ఆసుపత్రిలో నర్సు, మరిది లిఫ్టు మెకానిక్కు. కూతుర్ని అందరూ పిట్ట అనేవాళ్ళు, ఎందుకంటే దాని నోటికి మూత ఉండేది కాదు. స్కూల్లో ఎవరు ఎవరి చెప్పులేసుకుపోయారో అక్కడ మొదలుపెట్టి, చేపలు నిద్రపోతాయా పోవా అన్నదాకా ఊపిరి తీసుకోకుండా వాగేది. "స్విచ్చెక్కడే నీకు?" అని తండ్రి దాని వీపంతా వెతికినట్టు నటించేవాడు.

అలాంటి పిల్ల మూడు వారాలుగా మాట్లాడ్డం లేదు. అడిగినదానికి 'ఊఁ' అంటుంది, 'ఉహూఁ' అంటుంది. పెద్దపిల్లవుతోంది కదా అనుకుంది తల్లి. పరీక్షలు కదా అనుకున్నాడు తండ్రి. ఆపరేటరమ్మ మాత్రం ఏమీ అనుకోలేదు, ఎందుకంటే ఆవిడకి తెలుసు.

మూడు వారాల కిందట ఆవిడ వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే, పక్కన బల్లమీద చార్జింగు పెట్టిన పిట్ట ఫోన్ గుర్రుమంది. హెడ్‌సెట్ వరండాలో మేకుకుంది. అయినా వినిపించింది. ఒక కుర్చీ కిర్రుమంది. ముక్కుతో పీల్చే ఊపిరి, మగవాడిది, నలభై దాటినవాడిది. దాని వెనక ఇంకా ఊపిర్లు, చిన్నచిన్నవి, చాలా ఉన్నాయి, జాడీలో వేసి మూత బిగించినట్టు. ఫోన్ మీద పంపినవాళ్ళ పేరు 'నీలిగాలిపటం' అని ఉంది. ఇంతలో పిట్ట పరిగెత్తుకొచ్చి ఫోన్‌ని బోర్లించేసింది.

"ఎవరే అది?"

"ఫ్రెండు."

ఇవ్వని ఫోన్ ఎలా వినడం అనుకుంది ఆపరేటరమ్మ. రేపు అదే ఇస్తుందిలే అనుకుంది. అలా అనుకుంటూ మూడు వారాలు గడిపేసింది మహాతల్లి. నియమం దుప్పటిలాంటిది, దాని కింద దూరితే పిరికితనం కూడా మర్యాదలాగే కనిపిస్తుంది.

ఆ శనివారం మధ్యాహ్నం మూడైంది. మేకుకున్న హెడ్‌సెట్‌లో ఊపిరి మొదలైంది. ఆపరేటరమ్మ టీ గిన్నె అందుకోబోయి ఆగిపోయింది. రెండు ఊపిర్లున్నాయి. ఒకటి ఎప్పుడూ వచ్చేదే. రెండోది పిట్ట నెలల పాపగా ఉన్నప్పుడు ఈవిడ ఒళ్ళో వేసుకుని నిద్రపుచ్చిన ఊపిరి. తలుపు సందులోంచి గదిలోకి చూసింది. పిట్ట మంచం అంచున కూర్చుని గోడగడియారం చూస్తోంది. పిల్ల గదిలోనే ఉంది, దాని ఊపిరి మాత్రం మేకుకి వేలాడుతోంది.

ఆవిడ హెడ్‌సెట్ తీసుకుని వెళ్ళి మంచం పక్కన నేలమీద చతికిలబడింది.

"నేను వినాలంటే నువ్వే ఇవ్వాలే," అంది.

"ఇవ్వకపోతే?"

"ఇక్కడే కూర్చుంటా. ఈ మోకాళ్ళతో ఎలాగూ లేవలేను."

పిట్ట పెదవి నవ్వబోయి వంకర తిరిగింది. "తిట్టవుగా?"

"నిన్నెందుకు తిడతాను?"

"నేనే పంపాను కదా పెద్దమ్మా. ఎవరూ వచ్చి లాక్కోలేదు కదా. నాన్నకి తెలిస్తే చంపేస్తాడు."

"మీ నాన్న సంగతి నేను చూసుకుంటా. నువ్వు చెప్పు."

పిట్ట చెప్పింది. నీలిగాలిపటం పదిహేనేళ్ళ అక్క. ఎక్కడో హాస్టల్లో చదువుతోందట. పిట్ట వేసిన బొమ్మల్ని మెచ్చుకుంది, అమ్మ కోప్పడిన రోజున ఓదార్చింది, 'నీకు నేనున్నా' అంది. మూడు నెలలు అలా గడిచాక ఒక ఫోటో అడిగింది. ఆ తర్వాత ఇంకోటి అడిగింది, పంపకూడనిది. ఇద్దరం ఆడపిల్లలమే కదా అంది. అది చేతిలో పడ్డాక అక్క అక్కలా మాట్లాడ్డం మానేసింది. ఇవాళ సాయంత్రం ఐదులోపు ఇంకా పంపాలి. లేకపోతే ఉన్నది క్లాసులో అందరికీ పంపేస్తానంది.

చెప్పడం అయ్యాక పిట్ట ఫోన్‌ని రెండు చేతులతో తీసి పెద్దమ్మకిచ్చింది. ఆవిడ పిన్ను ఆనించింది. అదే కుర్చీ, అదే ముక్కు ఊపిరి. కళ్ళజోడు పెట్టె టక్కుమని మూసిన చప్పుడు. "హాస్టలూ లేదు, అక్కా లేదు. ఒక్కడే మగాడు, మీ నాన్నకంటే పెద్దవాడు," అంది. జాడీలో చిన్న ఊపిర్లని ఈసారి ఒక్కొక్కటిగా విడదీసి లెక్కపెట్టింది. పదకొండు. పిట్టతో కలిపి పన్నెండు.

అదిగో, సరిగ్గా అప్పుడే వచ్చాడు తండ్రి, చేతులకి గ్రీజుతో. వదినగారు సంగతి చెబుతుంటే సగంలోనే ఫోన్ లాక్కున్నాడు. "ముందు ఇదంతా తుడిచేస్తాను. తర్వాత దీన్ని ముక్కలు చేస్తాను. ఎన్నిసార్లు చెప్పానే నీకు..."

"తుడిచేస్తే వాడి అడుగులు కూడా చెరిగిపోతాయి నాయనా," అంది ఆపరేటరమ్మ. "అయినా ఫోన్‌ని ఎందుకలా చూస్తావు? పిల్ల మొహం చూడు."

ఆయన చూశాడు. పిట్ట గోడకి అంటుకుపోయి, దెబ్బ పడుతుందన్నట్టు కళ్ళు మూసుకునుంది. ఆయన చేతిలోంచి ఫోన్ మంచంమీదికి జారింది. పక్కనే కూర్చుని, గ్రీజు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, మోచేత్తో కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు.

"సారీ నాన్నా."

"నువ్వెందుకమ్మా సారీ చెప్పడం," అన్నాడు.

తల్లి డ్యూటీ బట్టలతోనే వచ్చింది, విన్నది, కుళాయి తిప్పి మొహం కడుక్కుని, సైబర్ పోలీసులకి ఫోన్ చేసింది. అక్కడి ఇన్‌స్పెక్టరమ్మ గబగబా చెప్పింది: వాడికి జవాబివ్వొద్దు, ఏదీ తుడవొద్దు, వాడి ఖాతా పేరూ, వాడు రాసిన మాటలూ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి, ఫోటోలు మాత్రం ఎవరికీ పంపొద్దు. తర్వాత ఫోన్ పాపకి ఇవ్వమంది. ఏం చెప్పిందో గాని పిట్ట చాలాసేపు విని, "నిజంగా నా తప్పు కాదా?" అని అడిగింది. మళ్ళీ విని తలూపింది.

చిక్కల్లా ఒకటే. వాడెక్కడున్నాడో తేలడానికి రోజులు పడుతుంది. అప్పటికి నాలుగుంపావు అయింది.

ఆపరేటరమ్మ మళ్ళీ పిన్ను ఆనించింది. కుర్చీనీ ఊపిర్లనీ దాటి, గది తలుపు దాటి ఇంకా అవతలికి విన్నది. "టింగ్ మంటోంది," అంది కళ్ళు మూసుకునే. "తలుపేదో మూసుకోబోయి ఆగి, వెనక్కి తగ్గి, మళ్ళీ మూసుకుంటోంది. రెండోసారికి పిల్లి అరిచినట్టు సన్నగా ఒక కూత."

తండ్రి తలెత్తాడు. "మళ్ళీ చెప్పండి వదినగారూ. కూత ముందా, తలుపు పడ్డాకా?"

"పడుతుండగా."

"అది లిఫ్టు. పోయిన నెల నేనే చూశాను. మూడో అంతస్తులో తలుపు సెన్సరు పోయింది, కొత్తది తెప్పించమంటే తెప్పించలేదు. ఆ ఒక్క అంతస్తులోనే అలా చేస్తుంది." ఆయన లేచి నిలబడ్డాడు. "మన పిల్ల బొమ్మల క్లాసుకి వెళ్ళే దారిలోనే ఉంది ఆ మేడ. క్లాసు కిటికీలోంచి కనిపిస్తుంది."

మళ్ళీ ఫోన్ చేసి ఆ మేడ సంగతి చెబితే, ఇన్‌స్పెక్టరమ్మ ఎవరు చెప్పారని అడిగింది. ఆపరేటరమ్మ విన్నారంటే, "అయితే సరే, బయల్దేరుతున్నాం," అంది. కానీ శనివారం సాయంత్రం రోడ్లు ఎలా ఉంటాయో అందరికీ తెలిసిందే.

ఐదుకి మూడు నిమిషాలుందనగా ఫోన్ గుర్రుమంది. 'టైమైంది. నువ్వు పంపుతావా, నన్ను పంపమంటావా?'

పిట్ట తల్లి ఒళ్ళో మొహం దాచుకుంది. వాడి వేలు తెరమీద ఆనబోవడం ఆపరేటరమ్మకి చెవిలో వినిపించింది, గాజు మీద గోరు చప్పుడుతో సహా. ఆవిడ నడుం నిటారు చేసి కూర్చుంది. ముప్పై ఒక్క ఏళ్ళు మాట్లాడిన ఆ గొంతు మళ్ళీ వచ్చింది, తొందరలేని గొంతు.

"లైన్లో ఉండండి," అంది. "కలుపుతున్నాను."

పిన్ను ఎత్తి ఫోన్‌కి తాకించింది. ఒకటి. మళ్ళీ ఎత్తి తాకించింది. రెండు. నంబర్లు ఆవిడకి తెలియవు, చేతికి తెలుసు. ఎక్కడో ఒక బేకరీలో ఫోన్ మోగింది. పొలం గట్టున ఒకటి, బస్సు స్టీరింగు పక్కన ఒకటి మోగాయి. పదకొండు చోట్ల తల్లో తండ్రో అవ్వో ఫోనెత్తి 'హలో' అన్నారు. ఎత్తినవాళ్ళకి మాట వినిపించలేదు, తమ బిడ్డ ఊపిరి వినిపించింది. ఎక్కడినుంచి వస్తోందో, ఏ జాడీలోంచి వస్తోందో కూడా తెలిసిపోయింది. చేతిలో పని వదిలేసి ఎవరి పిల్లల దగ్గరికి వాళ్ళు పరిగెత్తారు.

పన్నెండోసారి పిన్ను తాకించినప్పుడు మోగింది వాడి ఫోనే. ఎత్తకుండానే అందులోంచి మాటలు రావడం మొదలైంది. బుజ్జీ, కన్నా, చిట్టితల్లీ, నానీ అంటూ పదకొండు ఇళ్ళవాళ్ళు తమ పిల్లల్ని ముద్దుపేర్లతో పిలుస్తున్నారు. ఆ గొంతులు గదంతా నిండిపోయాయి. కుర్చీ కిర్రుమనడం మానేసింది. వాడి వేలు గాజుమీదికి వెళ్ళలేదు, ఎందుకంటే వాడు రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. మూసుకున్నా వినిపిస్తూనే ఉన్నాయి.

కలిపాక వినకూడదు. ఆపరేటరమ్మ చెవి తియ్యలేదు. టింగ్ మనేదాకా విన్నది. తలుపు వెనక్కి తగ్గి, మళ్ళీ మూసుకుంటూ సన్నగా కూసేదాకా, బూట్లు నడిచొచ్చి తలుపు తట్టేదాకా విన్నది.

ఏడింటికల్లా పోలీస్ స్టేషన్ వరండాలో పదకొండు కుటుంబాలు పిల్లల చేతులు పట్టుకుని నిలబడి ఉన్నాయి. వాడి ఫోన్లూ కంప్యూటరూ పెట్టెలో సీలు వేశారు. అందులోంచి ఏ ఫోటో ఎవరికీ వెళ్ళలేదని ఇన్‌స్పెక్టరమ్మ తనే ఇంటికొచ్చి చెప్పింది. ఆ వారమంతా పిట్ట తక్కువే మాట్లాడింది. ఎవరూ తొందరపెట్టలేదు. తండ్రి రోజూ పని మానుకుని బొమ్మల క్లాసుకి దింపి, అయ్యేదాకా మెట్లమీద కూర్చునేవాడు.

మళ్ళీ శనివారం మూడైంది. మేకుకున్న హెడ్‌సెట్‌లో ఊపిరి మొదలైంది. ఒక్కటే ఉంది. ఎవరూ టీ పెట్టలేదు. ఆపరేటరమ్మ దాన్ని తీసి, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ వేళకి చెవికి పెట్టుకుంది. పిట్ట వచ్చి పక్కన కూర్చుంది.

"ఎక్స్ఛేంజి," అంది ఆవిడ. "రెండువందల పదిహేడేనా? నేనమ్మా, అప్పుడు విని ఊరుకున్నదాన్ని." చెంపలమీద నీళ్ళు కారుతున్నాయి.

పిట్ట ఆ హెడ్‌సెట్‌ని మెల్లిగా తీసి తన తలకి పెట్టుకుంది. అది దాని చిన్న తలకి వదులుగా ఉంది.

"హలో," అంది. "నా పేరు పిట్ట. నాక్కూడా అలాగే జరిగింది. అది మన తప్పు కాదంట, పోలీసావిడ చెప్పింది." అవతలినుంచి ఏమీ లేదు, ఊపిరి తప్ప. పిట్ట ఆలోచించింది. "సరే గానీ, చేపలు నిద్రపోతాయా పోవా, నీకు తెలుసా?"

ఊపిరి ఆగింది. చాలాసేపటికి చిన్న గొంతు, ఎంతోకాలం వాడని గొంతు, "పోతాయా?" అని అడిగింది.

పిట్ట ఇంక ఆగలేదు. ఆపరేటరమ్మ కళ్ళు తుడుచుకుని, గోడ పట్టుకుని లేచి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. తలుపు మాత్రం తీసే ఉంచింది.