దానంతటదే జారిన గీత

మార్చి పద్నాలుగో తేదీ. మధ్యాహ్నం స్టూడియో బల్ల మీదే రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నాం. మా అమ్మాయి సగం గుడ్డు తిని మిగతాది కాగితంలో చుట్టేసింది. ఆ రోజు రికార్డు చేయబోయేది, గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆమె పాడే మొదటి పాట.

స్టూడియో మా బావమరిదిది. కంప్యూటర్లో కొత్తగా ఈక్వలైజర్ కార్డు పెట్టించాడు. పక్కనున్న మీటల పెట్టె వాయిద్యాల సంకేతాలు మోసే మిడి తీగ ద్వారా దాన్ని నడుపుతుంది. మీట దించితే గొంతులో నిండుదనం తగ్గుతుంది, ఎత్తితే పెరుగుతుంది. తెర మీద ఓ గీత ఆ సంగతి చూపిస్తుంది.

సాయంత్రం కీబోర్డు వాయించే ఆయన వచ్చి, తన వాద్యాన్నీ అదే కంప్యూటరుకి తగిలించాక పాట మొదలైంది. పల్లవి బాగానే వచ్చింది. చరణంలోకి రాగానే ఆమె గొంతు పీలగా అయిపోయింది. బావమరిది మీటలు మళ్లీ సర్ది మొదటినుంచి పాడించాడు. మళ్లీ అక్కడే.

"డాక్టరు గొంతుతో పాటు పాట కూడా కోసేసినట్టున్నాడు," అన్నాడు, మైకు ఆపకుండానే. "ఇక లాభం లేదు అమ్మడూ. నీ గొంతు పోయిందని చెప్పి రేపటికి ఇంకో అమ్మాయిని రమ్మన్నాను."

అద్దం అవతల మా అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఇక జన్మలో పాడనన్నట్టుంది ముఖం. వాళ్లమ్మ బతికుంటే తమ్ముడి చెవి మెలిపెట్టేది. నాకు అరవడం చేతకాదు.

"ఇంకొక్కసారి పాడమ్మా," అన్నాను, తెర మీంచి చూపు తిప్పకుండా.

చరణం మొదలైంది. పెట్టె మీద ఎవరి చెయ్యీ లేదు. అయినా గీత జారిపోయింది. సరిగ్గా అప్పుడే కీబోర్డాయన వయొలిన్లకు వణుకు తెచ్చే చక్రాన్ని ఎడంచేత్తో కాస్త తిప్పాడు.

"ఒరేయ్, ఆయన చక్రం ముట్టుకుంటే నీ కార్డు కదులుతోంది."

"బావా, నువ్వెళ్లి పిల్లలకి కెమిస్ట్రీ చెప్పుకో. ఆయనది ఒకటో ఛానెల్, నా పెట్టెది పదోది. దేని దారి దానిదే."

"మరి కార్డుని ఏ ఛానెల్ వినమన్నావు?"

మౌస్ లాక్కుని సెట్టింగులు తెరిచాను. 'అన్నీ' అని ఉంది.

"ఎవరేం చెప్పినా తలాడించేలా దీన్ని పెట్టి, ఆ తప్పు పిల్ల గొంతుకు అంటగడతావా?" అన్నాను.

"ఒక్కోదానికీ నంబరు ఇవ్వడం ఎందుకని..." నసిగాడు.

కీబోర్డాయన మా ఇద్దరి వైపూ చూడలేదు. "ముందు పిల్లని పాడనివ్వండి," అన్నాడు మెల్లగా. ఆ మాటకి ఆయనకు దండం పెట్టాలనిపించింది.

పదో ఛానెల్ ఒక్కటే ఉంచాను. ఆయన చక్రం పూర్తిగా తిప్పినా గీత కదల్లేదు. చరణం నిండుగా వచ్చింది.

అమ్మాయి బయటికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మావయ్యా, నా గొంతు పోయిందని ఆ అమ్మాయికి చెప్పావు కదా. ఇప్పుడే ఫోన్ చెయ్యి. నా ముందే."

"ఏం చెప్పమంటావు? పోయింది నీ గొంతు కాదు, నా బుర్ర అనా?"

"అదే చెప్పు."

చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఆమె మళ్లీ గదిలోకి వెళ్లి, రికార్డింగు కోసం కాకుండానే, పల్లవినుంచి ఎత్తుకుంది. బావమరిది కాసేపు నిలబడి విన్నాడు. తర్వాత వెళ్లి, ఆ రాత్రికి ఇక పని చాలించి, వీధి వైపు తలుపు చప్పుడు కాకుండా మూశాడు.