నాదనుకున్న కాగితం

కాగితం తడిపే రోజు నేను చేతులకు క్రీము రాసుకోను. వేలి జిడ్డు అంటిన చోట రంగు పట్టదు. ఒకసారి తెలియక తాకితే, మా ఆయన వేసిన ఆకాశం మధ్యలో నా బొటనవేలి ముద్ర తెల్లగా తేలింది. ఆయన చాలా రోజులు ముఖం మాడ్చుకుని తిరిగారు. అప్పటినుంచి చేతులు పగిలినా సరే, ఆ రోజు క్రీము డబ్బా జోలికి పోను. "ఆ చేతులేంటే, గరుకు కాగితంలా ఉన్నాయి!" అంటారు అత్తయ్య. "కాగితం కోసమే అత్తయ్యా" అంటాను.

మా ఆయన నీటిరంగుల బొమ్మలు వేస్తారు. ఆ రంగంలో పేరున్న మనిషే. నీటిరంగులతో ఒక చిక్కుంది. పొడి కాగితం మీద తడి రంగు వేస్తే కాగితం ఉబ్బి అలలు తేలుతుంది, రంగంతా ఆ గుంటల్లోకి చేరి మరకలు కడుతుంది. అందుకని ముందే కాగితాన్ని నీళ్లలో నానబెట్టి, ఉబ్బాల్సినంత ఉబ్బనిచ్చి, చెక్క మీద పరిచి, నాలుగు అంచులా తడి జిగురు టేపు వేసి బిగించాలి. ఆరుతున్నకొద్దీ అది ముడుచుకోవాలని చూస్తుంది, ముడుచుకునే దారి లేక బిగుసుకుపోతుంది. ఇక ఆ తర్వాత ఎన్ని నీళ్లు పోసినా కిక్కురుమనదు. ఇది రాస్తుంటే నాకు ఎవరెవరో ఆడవాళ్లు గుర్తొస్తున్నారు. పోనివ్వండి.

ఈ పని నేను పెళ్లయిన కొత్తలో, టేపు చుట్టతోపాటు వచ్చిన చిన్న కాగితం చదివి నేర్చుకున్నాను. "నాకంత ఓపిక లేదు బాబూ. నీ చేతికి బాగా కుదిరింది" అన్నారాయన. ఈ ఇంట్లో చాలా పనులు నా చేతికి అలాగే కుదిరాయి. ఆఫీసులోనూ అంతే. మా మేనేజరు తెర ముందు నిలబడి చదివే ప్రతి ప్రజెంటేషనూ నా చేతికి కుదిరిందే. చప్పట్లు కొట్టేటప్పుడు నేను గది చివర లైట్ల స్విచ్చి దగ్గర ఉంటాను, ఎందుకంటే లైట్లు వెయ్యడం కూడా నాకే బాగా కుదిరింది.

చెక్క ఆరేదాకా ఒంగకుండా బల్లపరుపుగా ఉండాలి. ఆయన గదిలో బొమ్మలు పేర్చి కాలు పెట్టే చోటు ఉండదు కాబట్టి, మా భోజనాల బల్లే దానికి పడక. ఆ రాత్రి అందరం కంచాలు ఒళ్లో పెట్టుకుని తింటాం. ఆరడం మొదలైన కాసేపటికి కాగితం నడుమ పొట్టలా లేస్తుంది. కొత్తలో అనుకునేదాన్ని, పోయింది, పాడైపోయిందని. అరచేత్తో నొక్కి అణచాలనిపించేది. అలా నొక్కితే నిజంగానే పాడవుతుంది. దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. పొద్దున్న లేచేసరికి ముడత లేకుండా, తెల్లగా, అంచునుంచి అంచుకి బిగుతుగా సాగి ఉంటుంది. గోటితో మీటితే 'టప్'మంటుంది. ఆ చప్పుడు నాకెంత ఇష్టమో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఒకసారి మీటి, ఆయన గదిలో పెట్టేసి, ఆఫీసుకి పరుగెత్తుతాను.

మొన్న ఆయన బొమ్మల ప్రదర్శనలో ఒకావిడ, ఏదో బడిలో డ్రాయింగు టీచరట, కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తి మరీ బొమ్మలన్నీ దగ్గరగా చూసింది. "ఇంత పెద్ద బొమ్మ, ఇన్ని నీళ్లు వాడారు, ఎక్కడా ఒక్క అల లేదేంటండీ! ఎలా?" అని అడిగింది. నేను ఆయన పక్కనే ఉన్నాను, చేతిలో ఆయన కోటు. అంత తెలిసినావిడ అడిగిందని నాకు ఎంతో సంతోషం వేసింది. ఇప్పుడు నా వైపు చూపిస్తారు, నేనేం అనాలి, 'అబ్బే, ఏముందండీ' అనాలా అని లోపల మాటలు సర్దుకుంటున్నాను. ఆయన చిరునవ్వు నవ్వి, "మంచి కాగితం వాడాలండీ, అంతే" అన్నారు.

దాచాలని కాదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. దాచాలని దాచి ఉంటే, దాచడానికి అక్కడ నేనంటూ ఒకదాన్ని ఉన్నట్టన్నా ఉండేది. ఆయనకు నిజంగానే గుర్తులేదు.

ఆ వారమే ఆయన వెళ్లే కొట్టుకి వెళ్లి, ఆయన వాడే కాగితమే ఒకటి కొన్నాను. "సార్‌కేనా అమ్మా?" అన్నాడు కొట్టాయన. అవునన్నాను. నోటికి అదే అలవాటు. చెక్క కోసం అలమారా వెనక పడి ఉన్న ప్లైవుడ్ ముక్క తీసి, దుమ్ము దులిపి, అంచులు రుద్దుకున్నాను. నిన్న సాయంత్రం ఆయనకొకటి తడిపి బిగించి, పక్కనే నాదీ బిగించాను. ఆయన వచ్చి చూసి, "రెండెందుకు? నాకొకటి చాలుగా" అన్నారు.

"ఒకటి నాది."

"నీకా!" అని పకపకా నవ్వారు. "ఏం వేస్తావే?"

ముద్దుగానే నవ్వారు. ఆయన చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే మందులు మరిచిపోకుండా ఇస్తారు, వాన పడుతుంటే బస్సు దిగే చోటికి గొడుగు తెస్తారు. చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది, ఎప్పుడో పోట్లాడి తేల్చుకునేదాన్ని. ఇలాంటి మనిషితో దేనికని పోట్లాడతాం? కాగితం కోసమని చెబితే ఎవరైనా నవ్వుతారు.

రాత్రి పడుకోబోయే ముందు ఆయన తన గదిలో బొమ్మలు కాస్త జరిపి, తన చెక్కని అక్కడికి తీసుకెళ్లారు. ఎవరో ఆసుపత్రి వాళ్లు తమ హాల్లో పెట్టుకోవడానికి ఒక బొమ్మ అడిగారు, ఎల్లుండి పొద్దున్నకల్లా ఇచ్చెయ్యాలి. "కదపకండి, దాని మానాన ఆరనివ్వండి" అన్నాను. "నాకు తెలీదా?" అన్నారు.

పొద్దున్నే లేచి నా కాగితాన్ని మీటి చూశాను. టప్. ఇన్నేళ్లలో మొదటిసారి, మీటిన దాన్ని ఎవరికీ ఇవ్వకుండా అక్కడే ఉంచి దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సెలవు రోజు. ఎదుట అత్తయ్య ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు. నాకు బొమ్మలు రావు. పూలకుండీ గీస్తే బకెట్టులా వస్తుంది. అయినా భయం వెయ్యలేదు, తెల్లగా ఉన్న దాన్ని చూస్తూ కూర్చోవడమే హాయిగా ఉంది.

ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. చేతిలో చెక్క, దాని మీద ఒకవైపు టేపు లేచిపోయి, కాగితం ఉబ్బి మెలికలు తిరిగి ఉంది.

"ఫ్యాను పెట్టారా?" అన్నాను.

"కాసేపేనే. తొందరగా ఆరుతుందని." తల గోక్కున్నారు. తర్వాత ఆయన చూపు బల్ల మీదికి వెళ్లింది. ముఖం విప్పారింది. "హమ్మయ్య, నీది ఉందిగా! అది ఇలా ఇచ్చెయ్. నువ్వు సాయంత్రం ఇంకోటి బిగించుకుందువుగాని."

నేను కుర్చీ బల్లకి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాను.

"ఉత్త కాగితమేగా. నువ్వింకా ఏమీ వెయ్యలేదుగా" అన్నారు, ఎంతో సబబుగా.

సబబే. అదే కదా వచ్చిన చిక్కు. ఆసుపత్రి వాళ్లు ఎదురుచూస్తున్నారు, ఆయనకి పేరుంది, చెయ్యి తిరిగింది. నా దగ్గర చూపించుకోవడానికి ఏముంది? నాకు గొప్ప ప్రతిభ ఉంటే, అది అణగారిపోతుంటే, నలుగురూ అయ్యో అంటారు. బొమ్మలు రానిదానికి కాగితమెందుకు అంటే ఏం చెప్పను? కానీ బొమ్మలు వచ్చినవాళ్లంతా రాని రోజుల్లో కాగితాలు పాడుచేసినవాళ్లే. ఆయన పాడుచేసినవన్నీ మడిచి చెత్తలో పారేసింది నేనే. వాటికి ఏ రోజూ ఎవరూ 'ఎందుకు' అని అడగలేదు. నాకు మాత్రం పాడుచేసుకునే హక్కు కూడా, బాగా వస్తుందని ముందే హామీ ఇస్తేగానీ దొరకదా?

ఇవన్నీ లోపలే తిరుగుతున్నాయి. ఆయన చెయ్యి చాచారు. అప్పుడు అత్తయ్య మడతపెడుతున్న తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, నా కాగితానికి ఒక మూల వేళ్ల వెనకవైపు ఆనించి చూశారు. నేను ప్రతిసారీ చేసేది అదే. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టు. ఇన్నేళ్లుగా ఆవిడ అంత శ్రద్ధగా చూస్తున్నారని నాకు తెలియదు.

"ఇంకా చల్లగానే ఉందిరా నాన్నా" అన్నారు. "ఆరలేదు. ఇప్పుడు రంగు వేశావంటే ఇదీ అలాగే అవుతుంది. ముట్టుకోకు."

అది ఎండిన ఆకులా ఆరి ఉంది. ఆవిడకూ తెలుసు. నా వైపు చూడకుండా మళ్లీ తువ్వాలు అందుకున్నారు. ఆ అబద్ధం ఎంత నున్నగా వచ్చిందంటే, అలాంటివి ఆవిడకి కొత్త కాదని అర్థమైంది. తలనొప్పి అని చెప్పి తలుపు వేసుకున్న మధ్యాహ్నాలు, నచ్చలేదని చెప్పి దాచుకున్న వస్తువులు, ఆకలి లేదని చెప్పి తప్పించుకున్న మాటలు, ఎన్నో ఉండి ఉంటాయి. తనకంటూ ఏదైనా మిగుల్చుకోవాలంటే ఆవిడకి తెలిసిన దారి అదొక్కటే. ఆ దారిని ఇప్పుడు నాకు ఇచ్చారు. ఆవిడ మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

"అరెరే, ఆరలేదా" అని ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నేను ఊరుకుంటే చాలు. కాగితం నాకే ఉండేది, ఇంకాసేపు. ఆరిందని తెలిసేదాకా.

"ఆరిందండీ" అన్నాను. "పొద్దున్నే ఆరింది. అత్తయ్య నాకోసం అలా అన్నారు. ఆరింది, కానీ నేను ఇవ్వను."

అత్తయ్య చేతిలో తువ్వాలు ఆగిపోయింది. ఆయన కోప్పడలేదు. అర్థం కానట్టు చూశారు.

"ఇవ్వవా? ఏం చేస్తావు దాంతో?"

"తెలీదు."

"తెలియకుండానే..."

"పాడుచేసుకుంటానేమో. నా కాగితం నేను పాడుచేసుకుంటాను."

"మరి నా పని ఎలా?"

"స్నానాలగదిలో తొట్టి ఉంది. టేపు మీ సొరుగులోనే ఉంది. ఇప్పుడు తడిపితే సాయంత్రానికి ఆరుతుంది, రాత్రికి వేసుకోవచ్చు. ఫ్యాను మాత్రం పెట్టకండి."

నేను లేస్తానని చూశారు. తర్వాత వెళ్లారు. కొళాయి విప్పిన చప్పుడు, తొట్టి గచ్చు మీద ఈడ్చిన చప్పుడు, ఏదో కింద పడిన చప్పుడు వరసగా వినిపించాయి.

"ఎంతసేపు నానాలే?" అని అరిచారు అక్కడినుంచి.

"బట్టలా మెత్తబడేదాకా."

"రెండు మూలలూ పట్టుకుని ఎత్తాలా?"

"ఆఁ."

మళ్లీ ఏదో పడింది. నీళ్లు గుమ్మం దాటి వస్తున్నాయి. నా కాళ్లు వాటంతటవే లేవబోయాయి. కూర్చోబెట్టాను.