ఖాదర్ పోపుడబ్బ

గల్ఫ్‌లోని సిత్రా లేబర్ క్యాంపులో ఖాదర్ టైమ్‌కీపర్. 2006లో శుక్రవారం సెలవు పూట ఆఫీసు తలుపు తీసి, తెలంగాణ వాళ్లకు ఇంటి ఉత్తరాలు టైపు చేసి మెయిల్‌లో పంపేవాడు. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. వాళ్ల భార్యలు మెట్‌పల్లి నెట్ సెంటర్‌లో చదివించుకునేవారు.

అందరూ చెప్పించే మాటలు అవే. నేను మంచిగున్న. పిల్లలను బడికి తోలు. అమ్మకు మందులిప్పియ్యి. ఉత్తరాలు టైపు చేసే ప్రోగ్రాంలో కంట్రోల్ పట్టుకుని సి రెండుసార్లు కొడితే తెర పక్కన పెట్టె తెరుచుకుంటుందని ఖాదర్ కనుక్కున్నాడు. కాపీ చేసినవి ఇరవై నాలుగు దాకా అందులో ఉంటాయి. ఒకదాని మీద నొక్కితే అది ఉత్తరంలో పడుతుంది. ఇరవై ఐదోది కాపీ చేస్తే మొదటిది జారిపోతుంది. కంప్యూటర్ ఆపేస్తే పెట్టె ఖాళీ. అందుకని శుక్రవారం వాళ్లు రాకముందే కూర్చుని మళ్లీ నింపేవాడు.

"ఇది పోపుడబ్బనే గద," అన్నాడు వెల్డర్ పరశురాం. పేరు నిలిచింది. "భాయ్, నాకు ఆవాలు, జీలకర్ర ఏసి, మీదికెళ్లి బర్రె ముచ్చట పెట్టు," అనేవాడు. బర్రె ఈనిందా అన్న మాట అతని కోసమే డబ్బాలో ఉండేది. 'అంజవ్వా, నువ్వే యాదికొస్తున్నవ్' అన్నది అతని పక్క మంచం గంగన్న కోసం.

ఒక శుక్రవారం ఓవర్‌టైం బస్సు హారన్ కొడుతోంది. డ్రైవర్ యల్లా యల్లా అని తొందరపెడుతున్నాడు. దేవన్న ఉత్తరం సగంలో ఉంది. ఖాదర్ తొందరలో పేస్ట్ ఆల్ నొక్కాడు. డబ్బాలో ఉన్నవన్నీ ఒక్కసారే ఉత్తరంలో పడ్డాయి. చదవకుండా పంపాడు.

వారానికి దేవన్న భార్య ఉమారాణి జవాబు వచ్చింది. "అంజవ్వ ఎవలు? నీకు యాదికెందుకొస్తున్నది? మనకు బర్రె ఎప్పటిది? ఫోన్ చెయ్యకు."

దేవన్న ఫోన్ చేశాడు. ఆమె ఎత్తలేదు. మూడు ఫోన్ కార్డులు జేబులో పెట్టుకుని తిరిగాడు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు.

శుక్రవారం వచ్చి ఖాదర్ పక్కన నిలబడ్డాడు.

"డబ్బ ముట్టకు. నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు."

"చెప్పు దేవన్నా."

దేవన్న గోడ చూశాడు. ఫ్యాను చూశాడు.

"పెండ్లానికి రాస్తున్నవా, లేబర్ కోర్టుకా?" అన్నాడు వెనక నుంచి గంగన్న.

"నువ్వు మాట్లాడకు. నీ అంజవ్వ మీదికెళ్లే నా కొంప మునిగింది."

చివరికి దేవన్న అందుకున్నాడు. "మన పెండ్లి నాడు నీ చెప్పులు పోయినయ్. నావి నీకిచ్చి బస్టాండ్ దాక ఉత్తకాళ్లతోని నడిచిన. కాళ్లు కాలినయ్ గని నవ్వు ఆగలే. అంజవ్వ గంగన్న పెండ్లాం. బర్రె పరశురాంది. నువ్వొక్కదానివే నాది."

 ఖాదర్ చెయ్యి అలవాటు కొద్దీ కాపీ నొక్కింది. నిండిన డబ్బాలోంచి 'నేను మంచిగున్న' జారిపోయింది.

"గా చెప్పుల ముచ్చట నాకు గూడ ఒకటెయ్యి భాయ్," అన్నాడు పరశురాం.

"మీ ఆమె చెప్పులు పోయినయా?" అన్నాడు ఖాదర్.

"పోలే. పోయినయనుకుంటది."

"నా చెప్పులు ఎవ్వనికన్న ఏస్తే కంప్యూటర్‌ను సముద్రంల ఏస్త," అన్నాడు దేవన్న. ఖాదర్ దాన్ని డబ్బాలోంచి తీసేశాడు.

మరుసటి శుక్రవారం జవాబును ఖాదర్ పైకి చదివాడు. "నీ చెప్పులు ఇంకా దాచి పెట్టిన. ఫోన్ చెయ్యి. వచ్చేటప్పుడు బర్రెను తోలుకరా."

నవ్వు క్యాంటీన్ దాకా వినిపించింది. వంటవాడు గరిటెతో వచ్చి ఏమైందని అడిగాడు. చెప్పడానికి ఎవరికీ ఊపిరి అందలేదు.

"నా బర్రెను నేనియ్య," అన్నాడు పరశురాం కళ్లు తుడుచుకుంటూ. దేవన్న అప్పటికే ఫోన్ బూత్ వైపు పరుగెత్తుతున్నాడు.

గంగన్న కుర్చీ లాక్కుని ఖాదర్ పక్కన కూర్చున్నాడు.

"ఇగ నాది కొట్టు భాయ్. డబ్బ తెరువకు."

"చెప్పు."

గంగన్న గోడ చూశాడు. తర్వాత ఫ్యాను చూశాడు.