యాభై దాటినవాళ్లకి అక్కర్లేదట

దుబాయ్ జెబెల్ అలీలో గోదాముల మేనేజరుగా పనిచేసే వీరరాఘవరావుకి రెండు నమ్మకాలు. తన రక్తం దోమలకి పడదు. తన వయసు ఎవరూ కనిపెట్టలేరు. మొదటిది ఆయన చెప్పుకునేవాడు, రెండోది ఆయన జుట్టుకి వేసుకున్న రంగు చెప్పేది.

ఈద్ సెలవులకి కెన్యా సఫారీకి టికెట్లు తీశాక, మలేరియా రాకుండా మాత్రలు రాయించుకుందాం రమ్మంది భార్య శ్యామలాదేవి.

"ఏలూరు కాలవ గట్టున పుట్టినోణ్ణే! ఆ దోమలే నన్నేం చెయ్యలేదు" అన్నాడాయన.

ఆవిడ ఒక్కతే వెళ్లి, తన మాత్రలతో తిరిగొచ్చింది.

"పోన్లెండి, మీకు అక్కర్లేదట. యాభై దాటినవాళ్ల రక్తం దోమలకి రుచించదంది డాక్టరు."

వీరరాఘవరావు టీ కప్పు కింద పెట్టేశాడు. మర్నాడు ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లి మరీ అదే క్లినిక్కులో కూర్చున్నాడు.

హైదరాబాదీ డాక్టర్ ఉజ్మా ఆయన మాట విని పగలబడి నవ్వింది. "అరె, ఎవరు చెప్పిన్రు సార్? ఎనభై ఏండ్లోళ్లని సుత కుడ్తయ్ దోమలు!"

వీరరాఘవరావు మాత్రలు రాయించుకుని, "ఇంకేం జాగ్రత్తలున్నాయి డాక్టర్? ఒక్కటీ వదలకుండా చెప్పండి" అన్నాడు.

కెన్యా మసాయి మారా అడవిలో మొదటి సాయంత్రం. ఎర్రబడిన ఆకాశం ముందు ఫొటో దిగడానికి శ్యామలాదేవి చిలకపచ్చ పట్టుచీర కట్టుకుని గుడారంలోంచి బయటికొచ్చింది. భర్త అడ్డంగా నిలబడ్డాడు.

"పొద్దుగూకితే ఒళ్లంతా కప్పుకోవాలట. డాక్టరు చెప్పింది."

చీర మీద తన ఫుల్ హ్యాండ్స్ చొక్కా తొడిగాడు. కాళ్లకి సాక్సులు వేయించాడు. ముంజేతులకి దోమల క్రీము పట్టించాడు. కెమెరా పట్టుకున్న గైడు తల పక్కకి తిప్పుకుని నవ్వాపుకున్నాడు.

శ్యామలాదేవి భర్తని అనుమానంగా చూసింది. "ఆ డాక్టరు మీకు ఇంకేం చెప్పిందేంటి?"

"ఎనభై ఏళ్లవాళ్లనీ కుడతాయంది."

ఆవిడ మొహం ఆకాశంకంటే ఎర్రబడింది. తర్వాత ఫక్కున నవ్వింది. "ఇంతకీ మాత్రలు మింగారా లేదా?"

"బయల్దేరే ముందు రోజు నించే మింగుతున్నా."

"అయితే నా అబద్ధం పనిచేసినట్టే" అని ఆవిడ చొక్కా కాలరు పైకెత్తుకుని, దర్జాగా కెమెరా వైపు తిరిగింది.

దుబాయ్ చేరాక ఇద్దరికీ జ్వరం మాటే లేదు. ఇంక చాల్లెమ్మని ఆవిడ మాత్రల డబ్బా అలమరలో పెట్టబోయింది. ఆయన ఇడ్లీ ప్లేటు పక్కన మాత్ర పెట్టి, "వచ్చాక కూడా వారం వేసుకోవాలి. ఇది మాత్రం అబద్ధం కాదు, మింగు" అన్నాడు.