మెడ వెనక వంపు

లాక్‌డౌన్ ఆంక్షలు సడలించగానే అతను సెలూన్ తెరిచాడు. జుట్టు పెరిగిపోయిన పాత గిరాకీలంతా వరస కడతారనుకున్నాడు. మొదట వచ్చిన మాస్టారు మాత్రం గడ్డం గీస్తే చాలన్నాడు. జుట్టు అప్పటికే ముచ్చటగా కత్తిరించి ఉంది. అతనికి కడుపు మండింది.

"ఎవరి చేత చేయించారు మాస్టారూ?"

"ఇంట్లోనే ఏదో కానిచ్చేశాంలే," అని మాస్టారు నీళ్లు నమిలాడు.

తర్వాత వచ్చిన పాలవాడిదీ అదే కటింగు, అదే మాట. ఎవడో తన పొట్ట కొడుతున్నాడు. పాలవాడి మెడ వెనక వంపు వేలితో తడిమి అతను ఉలిక్కిపడ్డాడు. ఆ వంపు తనది. లాక్‌డౌన్‌లో తన తలే అప్పగించి దాన్ని ఒక్క మనిషికే నేర్పాడు.

షట్టర్ దించి ఇంటికి పరిగెత్తాడు. భార్య పెరట్లో కత్తెర తుడుస్తోంది.

"వీధి వీధంతా నీ చేతి పనేనా?"

"మధ్యాహ్నాలు మీరు గుర్రు పెట్టినంతసేపూ. కరోనా భయంతో మీరు మనుషుల్ని చూస్తేనే హడలిపోయేవారు కదా, చెబితే గేటు తీయనిచ్చేవారా? వాళ్లు ఇంకో షాపు మరగకుండా చూశాను. తప్పా?"

"తప్పని కాదే. నాకు చేసినదానికంటే మాస్టారికి బాగా ఎందుకు చేశావు?"

ఆమె నవ్వాపుకుంది. "కుళ్లా?"

"కుళ్లే," అని అతను కత్తెర లాక్కున్నాడు. "రేపట్నుంచి షాపుకొచ్చి నా కళ్లెదుటే చెయ్యి."