చాయ్ కప్పులో జంట తీగ

ఖేమ్‌చంద్ చాయ్ కప్పు నోటిదాకా తెచ్చాడో లేదో, బుందూ ఖాన్ అందులో వేడి కొలిచే చేతి మీటరు తీగ కొస ముంచి అంకె చూశాడు.

"డెబ్బై రెండు డిగ్రీలు. ఆగు, నాలుక కాలుద్ది."

"నా చాయ్‌కి కూడా జ్వరం చూడాలా భాయ్!"

ఖుర్జాలోని ఆ పింగాణీ బట్టీలో ఇది రోజూ జరిగే తంతే. సరుకు కాల్చేది బుందూ. కప్పులకు మెరుగు పూసేది ఖేమ్‌చంద్. మోచేతుల దాకా తెల్లటి పూత, ఎండి పగిలిన వేళ్లు, ఎప్పుడూ తొందరే. ఒకరు తూర్పంటే ఇంకొకరు పడమర. బుందూకి ఇదే ఆఖరి రోజు. సాయంత్రం బస్సుకి అలీగఢ్‌లో కూతురింటికి వెళ్లిపోతున్నాడు. రేపటి నుంచి బట్టీ ఖేమ్‌చంద్‌ది. సెగ కాస్త ఎక్కువైతే పూత కారిపోయి సరుకంతా అరలకు అతుక్కుపోతుంది. ఆ భయం అతనికి పొద్దుటి నుంచి ఉన్నా, పైకి మాత్రం మహా దర్జాగా తిరుగుతున్నాడు.

"బట్టీ మీటరుకి కొత్త తీగలు నేనే బిగిస్తా" అన్నాడు ఖేమ్‌చంద్. ఎర్రది ప్లస్‌కి, పసుపుది మైనస్‌కి. మంట అందుకుంది. మీటరులో ముప్పై కాస్తా ఇరవై అయింది, పది అయింది, సున్నా కిందికి జారింది.

"భాయ్! మంట పెరుగుతుంటే అంకె దిగిపోతోంది!"

బుందూ పొట్ట పట్టుకుని నవ్వాడు. "లోపల కుల్ఫీ పెట్టావేంట్రా? ఈ రకం తీగలో ఎర్రదే మైనస్!"

తీగలు మార్చగానే అంకె బుద్ధిగా పైకెక్కింది. ఖేమ్‌చంద్ ఇన్నేళ్లుగా సిగ్గుపడి అడగనిది అప్పుడు అడిగేశాడు. "అసలు దీనికి లోపలి వేడి ఎట్లా తెలుస్తది?"

"రెండు తీగలూ ఒకే లోహమైతే ఎంత కాల్చినా ఏం పుట్టదు. వేరు వేరువి కావాలి. ఒక కొస కలిపి సెగలో పెడితే, ఇవతలి కొసల దగ్గర రవ్వంత కరెంటు పుడతది. మీటరు దాన్నే డిగ్రీల్లో చెబుతది. మీ ఇంట్లో గీజరు మంట ఆరితే గ్యాసు ఆగిపోద్దే, అదీ ఈ జంట పుణ్యమే."

"వేరు వేరువే కావాలా?"

"మరి? నువ్వూ నేనూ లాగా."

పొద్దు వాలేసరికి అంకె పన్నెండు వందలు దాటింది. ఖేమ్‌చంద్ అంకె సరిగ్గా చూసి మంట ఆపేశాడు. బుందూ అంతసేపూ మీటరుకి వీపు పెట్టి బీడీ కాలుస్తూ కూర్చున్నాడు, ఒక్కసారైనా తిరిగి చూడలేదు. అంతకు మించిన మెప్పు ఆయన నోట ఏనాడూ రాదని ఖేమ్‌చంద్‌కి తెలుసు.

"వస్తా. ఊదుకుని తాగు" అంటూ బుందూ సంచీ భుజాన వేసుకున్నాడు.

"పో పో, బస్సు పోతది" అని ఖేమ్‌చంద్ కసిరాడు.

లోపలికొచ్చి అలవాటు కొద్దీ రెండు చాయ్‌లు పోశాడు. తనది గబగబా తాగి నాలుక కాల్చుకున్నాడు. నవ్వొచ్చింది, వెంటనే కళ్లు చెమర్చాయి. చేతి మీటరు తీగ కొస తీసుకెళ్లి రెండో కప్పులో ముంచి, పూత బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

బుందూ రోజూ తాగే చెవి విరిగిన కప్పులో తీగ అలాగే ఉంది. డెబ్బై ఒకటి, డెబ్బై, అరవై తొమ్మిది.